అవ్వకు కూడా ఇంగ్లీషు వచ్చు!



“మా బిడ్డకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పండి సార్, మీకు పుణ్యముంటుంది.” మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో ఉపాధ్యాయులుగా పనిచేసిన మాకు ఈ మాట కొత్త కాదు. కూలికి పోయే తల్లి, మండీలో టమోటా బాక్సులు దించే తండ్రి, పాల క్యాను పట్టుకొని వచ్చే అవ్వ, అందరూ ఇదే అడిగేవారు. మేము భార్యాభర్తలిద్దరం ముప్పయి ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి, పదవీ విరమణ చేశాక పుంగనూరు దారిలోని మా సొంత ఊరికి వచ్చి స్థిరపడ్డాము. ఊరికే కూర్చోలేక, సంఘ పెద్దల అనుమతితో 2022 జూన్‌లో చర్చి వరండాలో సాయంత్రపు తరగతి మొదలుపెట్టాము. అయిదేళ్ళ నుండి ఎనిమిదేళ్ళ లోపు బిడ్డలు ఇరవై ముగ్గురు చేరారు. మన సంఘం బిడ్డలు, ఇరుగుపొరుగు హిందూ, ముస్లిం బిడ్డలు అందరూ ఒకే చాప మీద కూర్చునేవారు. ఫీజు ఏమీ లేదు.

ఆ మొదటి ఏడాది మేము పెద్ద పొరపాటు చేశాము. దానిని దాచుకోకుండా చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

శనివారం జ్వరం

మాకు తెలిసిన పద్ధతిలోనే మేము మొదలుపెట్టాము. సోమవారం నుండి శుక్రవారం వరకు ఏ, బి, సి, డిలు, రోజుకు రెండు మాటలు. శనివారం పది మాటల డిక్టేషన్. ఎవరికెన్ని మార్కులో అందరి ముందు చదివేవాళ్ళం. పది వచ్చినవారికి చప్పట్లు. రెండు, మూడు వచ్చినవారు తల వంచుకొని నిలబడేవారు. కరోనా కాలంలో బడులు మూతబడి, 2021 ఆగస్టులో మళ్ళీ తెరిచేసరికి చాలామంది బిడ్డలు తెలుగు అక్షరాలే మరచిపోయారు. అలాంటి బిడ్డల మీద మేము ఇంగ్లీషు స్పెల్లింగుల బరువు పెట్టామన్న సంగతి అప్పుడు మాకు తోచలేదు.

ఒక చిన్నపాప ఉండేది. పేరు చెప్పము, పాప అనే అందాము. ఆమె తండ్రికి అరెకరం టమోటా తోట, రెండు పాడి ఆవులు. పాపకు వారంవారం వచ్చేవి రెండు మార్కులు, మహా అయితే మూడు. కొన్నాళ్ళకు శనివారాలు రావడం మానేసింది. ఒకరోజు వాళ్ళ అవ్వ మా ఇంటికే వచ్చింది.

“శనివారం వస్తే చాలు, బిడ్డకు ఒళ్ళు కాలిపోతాది సామీ. ఆదివారం పొద్దునకంతా తగ్గిపోతాది. ఇంగ్లీషు అంటే అంత జబ్బా?”

ముందు మాకు నవ్వు వచ్చింది. ఆమె వెళ్ళిపోయాక మాత్రం ఆ మాట మమ్మల్ని వదలలేదు. ముప్పయి ఏళ్ళలో మా చేతుల మీదుగా ఎంతమంది బిడ్డలకు ఈ జ్వరం వచ్చిందో అనిపించి ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

రెండు ఆవుల లెక్క

2023 జూన్‌లో పాప తండ్రి ఆమెను పట్నంలో ఒక ప్రైవేటు బడికి తీసుకుపోయాడు. అక్కడ ఏవో ప్రశ్నలు అడిగారట. పాప నోరు తెరవలేదు. మూడో తరగతికి పోవలసిన బిడ్డను ఒకటో తరగతిలో అయితే చేర్చుకుంటామన్నారట. ఇంటికి వచ్చి ఆయన మాతో అన్నాడు: “రెండు ఆవులూ అమ్మి అయినా సరే, వచ్చే ఏడు మళ్ళీ తీసకపోతా సార్. ఈలోగా మీరే ఏదన్నా చెయ్యండి.”

ఆ ఇంటికి ఆ రెండు ఆవుల పాలే రోజూ చేతికందే డబ్బు. టమోటా సంగతి మన రైతులకు చెప్పనక్కరలేదు. ఒక వారం ధర ఉంటుంది, మరో వారం కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసి పోతారు. మా డిక్టేషన్ నోటుపుస్తకంలోని రెండు మార్కులకు, కొట్టంలోని రెండు ఆవులకు ఇంత దగ్గర సంబంధం ఉంటుందని మేము కలలో కూడా అనుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పడం అవసరం. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. బడిలో చేర్చుకోవడానికి బిడ్డకు గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టి వడపోయకూడదని ఆ చట్టం 13వ సెక్షను చెబుతుంది. ఆటపాటల ద్వారా, బిడ్డలో భయం లేకుండా నేర్పాలని, నేర్చుకున్నదానిని ఎప్పటికప్పుడు గమనిస్తూ ఉండాలని 29వ సెక్షను చెబుతుంది. ఆ తండ్రికి మొదటిది తెలియదు. చదువుకున్న మేము రెండవదానిని పాటించలేదు.

మన ఊరి పక్కనే ఉన్న నిచ్చెన

అప్పుడు మాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. ఉద్యోగంలో ఉండగా ఒకసారి రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో వారు నడిపే చిన్న బడులు చూసి వచ్చాము. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరు తెలియనివారు ఇక్కడ లేరు. ఆయన భావాలన్నిటితో మనం ఏకీభవించనక్కరలేదు గాని, ఒక బిడ్డను మరో బిడ్డతో పోల్చి చూడడం ఆ బిడ్డకు హాని అని ఆయన పదేపదే చెప్పినదానిని ఏ తల్లి కాదనగలదు? రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుండి పల్లె బడుల కోసం ఒక పద్ధతిని తయారుచేశారు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలు, ఒకే టీచరు. పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెనలాంటి పటం పెడతారు. ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నదో ఆ బిడ్డకే తెలుస్తుంది. ఒక కార్డు కొత్తది నేర్పుతుంది, ఒకటి సాధన చేయిస్తుంది, ఒకటి వచ్చిందో లేదో చూస్తుంది. రాకపోతే మళ్ళీ నేర్పే కార్డు ఉంటుంది. ఫెయిలు అనే మాట లేదు.

ఆ విత్తనం మన గడ్డ మీద పడి పొరుగు రాష్ట్రాలకూ పాకింది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో మొదలైన ‘నలి-కలి’కి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై తరువాత తమిళనాడు అంతటా వ్యాపించిన కృత్యాధార పద్ధతికి ఇదే ప్రేరణ. ఆ కార్డులలో మాతృభాష, లెక్కలే ప్రధానం. మేము ఆ ఆలోచనను మాత్రం తీసుకొని ఇంగ్లీషుకు వాడుకోవాలనుకున్నాము. ఇంటి పక్కన బావి పెట్టుకొని ఇన్నాళ్ళు దాహంతో కూర్చున్నామని సిగ్గుపడ్డాము కూడా.

పలక పక్కన పెట్టిన రోజు

జూన్ ఆఖరి వారంలో శనివారపు పరీక్ష ఎత్తివేశాము. పిల్లలు నమ్మలేదు. “నిజంగానా సార్?” అని మూడుసార్లు అడిగారు.

మొదటి నెలలో ఎవరినీ ఇంగ్లీషులో మాట్లాడమని అడగలేదు. పుట్టిన బిడ్డ ‘అమ్మా’ అనడానికి ముందు ఎన్ని నెలలు వింటుంది! వినడం ముందు, మాట తరువాత. జేమ్స్ ఆషర్ అనే అమెరికా మానసిక శాస్త్రవేత్త 1960లలో చూపించిన పద్ధతి కూడా ఇదే. మనం చెప్పాలి, బిడ్డలు ఒంటితో చేసి చూపాలి. “స్టాండ్ అప్. టచ్ యువర్ నోస్. పుట్ ద స్టోన్ అండర్ ద మ్యాట్.” మేము చెప్పినట్టు చేయడం, మేము తప్పు చేస్తే పట్టుకోవడం, ఇదే ఆట. సారు ముక్కు బదులు చెవి పట్టుకుంటే వరండా అదిరేలా నవ్వులు.

తరువాత తొక్కుడుబిళ్ళ గళ్ళలో అక్షరాలు రాశాము. అక్షరం పేరు కాదు, శబ్దం పలికితే ఆ గడిలోకి కుంటుతూ గెంతాలి. మన తెలుగులో ‘క’ అంటే ఎక్కడైనా ‘క’యే. ఇంగ్లీషులో ఉన్నవి 26 అక్షరాలు, పలికే శబ్దాలు సుమారు 44. “సి, ఎ, టి” అని ఎన్నిసార్లు వల్లించినా ‘సీయేటీ’ అవుతుంది గాని ‘క్యాట్’ కాదు. ఏడాదంతా మేము పేర్లు వల్లింపజేసి, బిడ్డలకు చదవడం రాలేదని కోప్పడ్డాము!

వామనగుంటల్లో చింతపిక్కలు వేస్తూ “వన్, టూ, త్రీ” లెక్కించడం, అంగడి ఆటలో “హౌ మచ్?” అని బేరమాడడం, ఇలా మన ఆటలే సరిపోయాయి. కొనుక్కొచ్చిన బొమ్మ ఒక్కటీ లేదు.

నలభై ఒక్క చింతపిక్కలు

జులైలో ఒక పని చెప్పాము. “ఒక రోజంతా ఇంట్లో పెద్దవారి వెంట ఉండండి. వారి నోట ఇంగ్లీషు మాట వచ్చినప్పుడల్లా డబ్బాలో ఒక చింతపిక్క వేయండి. ఏ మాటో గుర్తుపెట్టుకోండి.”

మరునాడు పాప డబ్బా గలగలలాడించుకుంటూ వచ్చింది. లెక్కపెడితే నలభై ఒక్క పిక్కలు! అవి ఎవరివి? బడి గడప తొక్కని అవ్వవి. కరెంటు, మోటారు, స్టార్టరు, బోరు, పైపు, డ్రిప్పు, బాక్సు, లోడు, రేటు, బస్సు, టికెట్టు, ఫోను, ఛార్జరు, గ్యాసు, కుక్కరు, బ్యాంకు, లోను, పెన్షను, వాలంటీరు, డాక్టరు, ఇంజక్షను, బీపీ, షుగరు, టాబ్లెట్టు... పాప వేళ్ళు మడుస్తూ చెబుతూనే ఉంది. ఏడాది పాటు మా ముందు పది మాటలు కూడా పలకని బిడ్డ అది!

“అవ్వకు కూడా ఇంగ్లీషు వచ్చు సార్!” అని పాప అరిచింది. ఆ సాయంత్రం ఇరవై ముగ్గురు బిడ్డలకు ఇంగ్లీషు పరాయిదన్న భయం సగం పోయింది.

ఆ మాటలతోనే ‘తోక కత్తిరించే ఆట’ ఆడించాము. మన తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే ‘బస్’ మన నోట ‘బస్సు’ అయింది, ‘బుక్’ ‘బుక్కు’ అయింది. చివరి ‘ఉ’ను కత్తెర వేళ్ళతో కత్తిరించి పలకాలి. అవ్వ మాట తప్పని మేము చెప్పలేదు. ఇంట్లో ‘బస్సు’, ఇంగ్లీషు పుస్తకంలో ‘బస్’. రెండూ మనవే.

పిల్లల శక్తిని మనమే తక్కువగా చూస్తాము. కుప్పంలోని మా బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడల్లా మేము ఆశ్చర్యపోతుంటాము. మూడు రాష్ట్రాలు కలిసే చోటు అది. ఒకే వీధిలో బిడ్డ అమ్మతో తెలుగు, అంగడిలో తమిళం, ఆటలో కన్నడం మాట్లాడుతుంది. ఆ భాషలకు వాళ్ళకు డిక్టేషన్ ఎవరు పెట్టారు? ఆ కుప్పం దగ్గరే గుడివంకలో, 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ వారు 172 ఎకరాల ఆవరణలో పల్లె పిల్లల చేతికే పరికరాలిచ్చి సైన్సు నేర్పుతున్నారు. చేతితో చేసినది బుర్రలో నిలుస్తుంది. భాషకూ అదే న్యాయం.

చెట్టెక్కిన ఆవు

ఇంతకూ, మార్కులు లేకపోతే వచ్చిందో రాలేదో తెలిసేదెలా? నిజం చెప్పాలంటే మా ఇద్దరిలో ఒకరికి ఈ విషయంలో చాలాకాలం నమ్మకం కుదరలేదు. అందుకని ఒక పరీక్ష పెట్టాము గాని, అది పరీక్ష అని పిల్లలకు చెప్పలేదు. తెల్ల కాగితాలు, రంగులు ఇచ్చి మెల్లగా చదివాము: “డ్రా ఎ బిగ్ ట్రీ. డ్రా టూ బర్డ్స్ ఇన్ ద ట్రీ. డ్రా ఎ కౌ అండర్ ద ట్రీ.”

ఏడాదంతా డిక్టేషన్‌లో పదికి పది తెచ్చుకున్న ఒక అబ్బాయి ఆవును తీసుకుపోయి కొమ్మ మీద కూర్చోబెట్టాడు. ‘అండర్’ స్పెల్లింగు వాడికి వచ్చు, అర్థం రాదు. పాప కాగితంలో పెద్ద చెట్టు, రెండు పిట్టలు, చెట్టు కింద ఆవు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆవు మాత్రం మరీ పొట్టిగా ఉంది. ఎందుకమ్మా అంటే, “స్మాల్ కౌ సార్. పుంగనూర్ కౌ!” అంది. మూడడుగుల ఎత్తుండే మన పుంగనూరు ఆవును మేమే మరచిపోయాము.

మా పాత నోటుపుస్తకం ప్రకారం అబ్బాయి మొదటివాడు, పాప చివరిది. ఆ పుస్తకం కొలిచినది ఇంగ్లీషును కాదని ఆ రోజు మాకు అర్థమైంది. అబ్బాయిని చూసి ఎవరినీ నవ్వనివ్వలేదు. వాడి చేత రాయిని చాప కిందికి, చాప మీదికి పదిసార్లు మార్పించాము. వారంలో ఆవు చెట్టు దిగింది.

అప్పటి నుండి ఒక్కొక్క బిడ్డకు ఒక గుడ్డసంచి కుట్టించాము. గీసిన బొమ్మలు, చదివిన కార్డులు, రాసిన కాగితాలు తేదీ వేసి అందులో దాచాము. గోడ మీద ఒక నిచ్చెన: వింటాను, చేస్తాను, చెబుతాను, చదువుతాను, రాస్తాను. నెలకొకసారి బిడ్డనే పక్కన కూర్చోబెట్టుకొని జూన్ కాగితం, ఆగస్టు కాగితం రెండూ చూపించి, “ఏమి మారింది?” అని అడిగేవాళ్ళం. బిడ్డకు పోటీ నిన్నటి తనతోనే.

టూ మచ్చమ్మా!

పిల్లలు ఆనందించారు గాని తల్లిదండ్రులు ఆనందించలేదు. పాప తండ్రి ఒకనాడు వరండా దగ్గర నిలబడి చూసి, “ఆడుకుంటా ఉండారే గానీ చదివేది యాడ సార్? నా బిడ్డకు ఇంకొక్క ఏడే టైము ఉండాది” అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. మార్కుల కాగితం చూసి పెరిగిన తరం మనది.

2023 ఆగస్టు 15 సాయంత్రం పెద్దలందరినీ పిలిచాము. ఉపన్యాసాలు లేవు. పిల్లలు వరండాలో అంగళ్ళు పెట్టారు. రూలు ఒక్కటే: కొనేవారు ఏ భాషలోనైనా అడగవచ్చు, అమ్మేవారు ఇంగ్లీషులోనే జవాబు చెప్పాలి. పాప టమోటాల అంగడి పెట్టింది. ఆ జులై ఆఖరులో మన మదనపల్లె మార్కెట్లో కిలో దాదాపు రెండు వందల దాకా పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ధర ఉన్న ఆ రోజుల్లో పాప తండ్రి తోటలో కాయ లేదు.

ఆయన ఆ అంగడి ముందే నిలబడి, “కిలో ఎంతమ్మా?” అన్నాడు.

“వన్ కేజీ, టూ హండ్రెడ్ రుపీస్.”

“అబ్బా! టూ మచ్చమ్మా!”

అందరూ గొల్లున నవ్వారు. “నాయనకు కూడా ఇంగ్లీషు వచ్చు!” అని ఎవరో బిడ్డ అరిచింది. పాప మాత్రం నవ్వలేదు. మండీలో కమీషన్ ఏజెంటులా మొహం పెట్టి, “ఓకే. వన్ ఫిఫ్టీ. నో లెస్” అంది.

ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. జేబులో నుండి నిజం నోట్లే తీసి లెక్కపెట్టి పాప చేతిలో పెట్టాడు. తరువాత సంచిలోని కాగితాలన్నీ ఒక్కొక్కటే దీపం దగ్గరకు పట్టుకొని చూశాడు. పోతూ పోతూ, “ఆవులు ఉండనీలే సార్” అన్నాడు. అంతే.

మా మనవి

ఇది గొప్ప విజయమని మేము చెప్పుకోవడం లేదు. ఆ ఇంట ఒక ఆవును మరుసటి ఏడు బోరు అప్పు కింద అమ్మవలసి వచ్చింది. చదువుకు అమ్మలేదు, అంతే. పాప ప్రభుత్వ బడిలోనే కొనసాగింది. ‘ఫ్రెండ్’ స్పెల్లింగు రాయడంలో చాలాకాలం తప్పుతూనే ఉంది. ఇద్దరు పిల్లలు, “అక్కడ ఆటలే” అన్న మాట విని మానేశారు. వాళ్ళను మేము నిలుపుకోలేకపోయాము. ఆటతోనే అన్నీ రావు. ఎనిమిదేళ్ళు వచ్చేసరికి పలక, నోటుపుస్తకం, దస్తూరి కూడా కావాలి. కాని భయం పోయిన చేయి త్వరగా రాస్తుంది. ఇది మా కళ్ళతో చూసిన మాట.

తల్లిదండ్రులారా, మీరు ఇంగ్లీషు చదువుకోలేదని వెనుకాడకండి. ముందు బిడ్డతో తెలుగులో బాగా మాట్లాడండి, తెలుగులో కథలు చెప్పించండి. మొదటి తరగతులు మాతృభాషలో సాగడం మేలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెబుతోంది. తెలుగు చదవడం రాని ఇద్దరు పిల్లలకు మేము ఇంగ్లీషు ఆపి ముందు తెలుగే నేర్పాము. ఆ తరువాత వారికి ఇంగ్లీషు సులువైంది. 2020 తరువాత మన ప్రభుత్వ బడుల పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా అచ్చయ్యాయి. బిడ్డ ఇంగ్లీషు పేజీ చదువుతుంటే మీరు తెలుగు పేజీ చదవండి. 1863లో మదనపల్లెకు వచ్చిన అమెరికా వైద్య మిషనరీ జేకబ్ చేంబర్లేన్ తెలుగు నేర్చుకొని తెలుగులోనే బోధించారు. 1919లో రవీంద్రనాథ టాగూరు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చినది మన మదనపల్లె కళాశాలలోనే. తన భాషను ప్రేమించినవాడే మరో భాషను అందంగా పలుకుతాడు.

బడి నుండి రాగానే “ఎన్ని మార్కులు?” అని అడగకండి. “ఈ రోజు ఏమి ఆడినావు?” అని అడగండి. ఆ జవాబులోనే చదువు కూడా ఉంటుంది.

మొన్న పాప అవ్వ పాల క్యానుతో ఎదురైంది. శనివారం జ్వరం ఎలా ఉందని అడిగాము. “ఆ జరమా? అది నాకొచ్చింది సామీ! దినాము నన్ను కూర్చోబెట్టి తోక కత్తిరించమంటాది” అని నవ్వి, క్యాను చంకన పెట్టుకొని రెండు వేళ్ళతో కత్తెర చూపించి, “బస్... బుక్...” అని పలికింది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది.

“అయితే సామీ, నేనిప్పుడు ఎన్నో క్లాసు?”